అక్షరం నుంచి తెరకు: మా గ్రంథాలయ హాలులో ఆరు నెలల సినిమాల వరుస

గ్రంథాలయమిత్ర | మే 18, 2025

మిత్రులందరికీ నమస్కారం. మా పట్టణంలో గ్రంథాలయం మేడ మీద ఉన్న హాలులో నెలకొక సినిమా ప్రదర్శిస్తున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలిసినదే. నూట పది కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, గోడకు బిగించిన తెర, రెండు స్పీకర్లు మాత్రమే మా ఆస్తి. ఇంతవరకు ఏది దొరికితే అది వేస్తూ వచ్చాం. ఒక నెల పిల్లల సినిమా, మరుసటి నెల విదేశీ సినిమా కావడంతో, ఈ నెల వచ్చినవారికి వచ్చే నెల మళ్లీ రావాలనిపించే కారణం ఏదీ మేము చూపించలేకపోయాం.

అందుకని ఈసారి జూన్ నుంచి నవంబరు వరకు ఒకే దారాన్ని పట్టుకుందామని అనుకుంటున్నాం. గ్రంథాలయం మేడ మీద జరిగే ప్రదర్శనలు కనుక, రాసిన కథ నుంచో నాటకం నుంచో నవల నుంచో పుట్టిన తెలుగు సినిమాలనే ఎంచుకున్నాం. చలం కథతో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938) మొదటిది. ఆ తరువాత గురజాడ నాటకం ఆధారంగా పి. పుల్లయ్య తీసిన ‘కన్యాశుల్కం’ (1955), కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవలను ఆదుర్తి సుబ్బారావు తెరకెక్కించిన ‘డాక్టర్ చక్రవర్తి’ (1964), ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), కిషన్ చందర్ నవల నుంచి గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1980) వస్తాయి. చివరిది ‘గ్రహణం’ (2004). మోహనకృష్ణ ఇంద్రగంటి తొలి సినిమా అయిన అది చలం ‘దోషగుణం’ కథ మీద నిలబడింది. చలంతో మొదలై, అరవై ఆరేళ్లు నడిచి, మళ్లీ చలం దగ్గరికే చేరే వరుస ఇది.

నాకు రెండు విషయాలలో మీ సలహా కావాలి. మూల రచనను ప్రేక్షకుల చేత ముందే చదివించాలా, లేక సినిమా చూశాక చదవమని చెప్పాలా? ఇంటర్వెల్ ఇవ్వాలా, వద్దా?

అధ్యాపకురాలు | మే 19

గ్రంథాలయమిత్ర గారూ, ఎంపిక చూసి చాలా సంతోషించాను. మొదటి ప్రశ్నకు నా సమాధానంలో సందేహం లేదు. ముందే చదివించాలి. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి రంగస్థలం ఎక్కింది. గురజాడ దానిని దాదాపు కొత్త నాటకమే అన్నంతగా తిరగరాసి 1909లో ప్రచురించారు. ఆ రెండో కూర్పులోని మధురవాణి, కరటక శాస్త్రి, రామప్ప పంతులు ఎవరి భాష వారు మాట్లాడతారు. పాఠకుడు ఆ మాటలను తన చెవితో ఒకసారి విని, తన గిరీశాన్ని తాను ఊహించుకున్న తరువాత తెర మీద ఎన్.టి. రామారావును, సావిత్రిని చూస్తే, దర్శకుడు ఏది ఉంచాడో, ఏది వదిలాడో, ఏది మార్చాడో గుర్తుపట్టగలుగుతాడు. ముందు సినిమా చూసినవాడికి ఆ అవకాశం తిరిగి రాదు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. సినిమా చూసి నాటకం చదివిన విద్యార్థుల ఊహలో గిరీశం ముఖం ఇక మారదు.

ప్రతి ప్రదర్శనకు వారం ముందు, అదే హాలులో, ఒక పఠన సమావేశం పెట్టండి. అవసరమైతే నేనే వచ్చి నిర్వహిస్తాను.

పాత ఆపరేటర్ | మే 19

అధ్యాపకురాలు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు సినిమా హాలు ప్రొజెక్టరు క్యాబిన్‌లో పనిచేశాను. పొలం పని ముగించుకుని, స్నానం చేసి, సైకిల్ మీద ఎనిమిది కిలోమీటర్లు తొక్కుకుంటూ మొదటి ఆటకు వచ్చి నేల టికెట్టు తీసుకున్నవారి కోసం సినిమా వేశాను. వారిలో అక్షరం రానివారు ఎందరో ఉన్నారు. సినిమా వారికి కథ చెప్పింది. పుస్తకం చదివి రమ్మని తలుపు దగ్గర షరతు పెడితే ఆ మనుషులు మెట్లెక్కరు. మెట్లెక్కనివారికి ఆ పుస్తకం ఎప్పటికీ అందదు. ముందు చూడనివ్వండి. మనసుకు పట్టినవాడు కిందికి దిగి, అదే భవనంలో ఉన్న బీరువా తెరుస్తాడు.

ఇంకొక ముఖ్యమైన మాట. మీ తెర పదహారు-తొమ్మిది కొలతలో ఉందని గుర్తు. మీ వరుసలోని మొదటి మూడు సినిమాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండే పాత చట్రంలో తీసినవి. వెడల్పు ఎత్తుకు ఒకటి ముప్పావు రెట్లకు పైగా ఉన్న తెరను నింపాలని బొమ్మను సాగదీస్తే ‘మాలపిల్ల’ నాయిక కాంచనమాల ముఖం గుమ్మడికాయలా కనిపిస్తుంది. పైనా కిందా కత్తిరిస్తే తలలు తెగుతాయి. రెండు పక్కలా నలుపు వదలండి, అది లోపం కాదు. ఇంటర్వెల్ విషయానికొస్తే, సినిమా తీసినవారే విరామం పెట్టుకున్న చోట ఆపండి, మీకు తోచిన చోట ఆపవద్దు.

న్యాయవాది | మే 20

అనుమతుల గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక చెబుతున్నాను. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా హక్కు అది విడుదలైన ఏడాది తరువాతి సంవత్సరం నుంచి లెక్కించి 60 ఏళ్లు ఉంటుంది. 1938, 1955 నాటి సినిమాలకు ఆ గడువు ఎప్పుడో ముగిసింది. 1964 నాటి ‘డాక్టర్ చక్రవర్తి’కి నిరుడు డిసెంబరుతో ముగిసింది. మిగిలిన మూడింటికి హక్కుదారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఇంట్లో చూసుకోవడానికి చెల్లించిన చందాతో హాలులో ప్రదర్శించడం అనుమతి కిందికి రాదు. సభ్యులకు మాత్రమే అన్నా, టికెట్టు లేదన్నా అది మారదు.

పఠనం విషయంలోనూ తేడా ఉంది. గురజాడ 1915లో, ప్రేమ్‌చంద్ 1936లో మరణించారు కనుక వారి మూల రచనలను ఎంతైనా చదువుకోవచ్చు. అయితే ‘కఫన్’ తెలుగు అనువాదానికి అనువాదకుని హక్కు వేరుగా ఉంటుందని మరవకండి. చలం 1979లో మరణించారు. ఆయన రచనలకు ఇంకా హక్కు ఉంది. అయినా అచ్చయిన రచన నుంచి సముచితమైన మేర కొన్ని భాగాలను ఒక వ్యక్తి సభలో చదివి వినిపించడానికి చట్టం వీలు కల్పిస్తున్నది.

కిన్నెరసాని | మే 22

నేను ఖమ్మం వైపు నుంచి రాస్తున్నాను. ‘ఒక ఊరి కథ’, ‘మా భూమి’ పక్కపక్కన పెట్టినందుకు ధన్యవాదాలు. రెండూ బెంగాలీ దర్శకులు తెలుగులో తీసినవే. మొదటిది ఉత్తరాది పల్లెలో పుట్టిన కథను తెలంగాణ పల్లెకు తెచ్చింది. రెండోది ఉర్దూ రచయిత మా సాయుధ పోరాటం మీద రాసిన నవలను తిరిగి మా నేల మీదికి తెచ్చింది. మీ హాలు గోదావరి కింది డెల్టాలో ఉంది. కాలువ నీరు ఎరిగిన ప్రేక్షకులకు వెట్టిచాకిరి, దొరల గడీ అంటే ఏమిటో రెండు మాటలలోనైనా ముందు చెప్పండి. ఇది పుస్తకం చదివించడం కాదు, ఇంటికి వచ్చిన అతిథికి ఊరి దారి చెప్పడం వంటిది.

బి. నర్సింగరావు గారి ‘దాసి’ని కూడా చేర్చమని అడగాలని ఉంది కానీ, అది అచ్చయిన రచన నుంచి పుట్టినది కాదు కనుక మీ దారం తెగుతుందని ఊరుకుంటున్నాను.

గ్రంథాలయమిత్ర | మే 25

అందరి మాటలూ కమిటీలో చదివి వినిపించాను. పఠన సమావేశం వేరుగా పెట్టడం లేదు. సినిమాకు ముందు పది నిమిషాలు మాత్రం మూల రచన నుంచి ఒక భాగాన్ని ఒకరు బిగ్గరగా చదువుతారు. అక్షరం వచ్చినవారూ రానివారూ సమానంగా వినవచ్చు. పుస్తకం ప్రతులు ఆ నెలంతా కింది బల్ల మీద ఉంటాయి. అనుమతుల కోసం మూడు ఉత్తరాలు వెళ్లాయి. ప్రదర్శన ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం 6 గంటలకు.

గ్రంథాలయమిత్ర | జూన్ 15

నిన్న ‘మాలపిల్ల’ ప్రదర్శించాం. ఎనభై నాలుగు మంది వచ్చారు. పాత ఆపరేటర్ గారు అంత హెచ్చరించినా, మొదటి ఐదు నిమిషాలు బొమ్మ సాగిపోయి నడిచింది. ప్రొజెక్టరులో అమరిక తనంతట తానే మారిందని తెలియక నేను వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాను. వెనక వరుసలో ఒక పెద్దాయన లేచి చెప్పాక ఆపి, సరిచేసి, మొదటి నుంచి మళ్లీ వేశాం. అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను.

శబ్దం సగం గరగరగానే ఉంది. అయినా తాపీ ధర్మారావు రాసిన సంభాషణలు వాడుక భాషలో ఉండటం వలన, ఎనభై ఏడేళ్ల తరువాత కూడా ముందు వరుసలోని పిల్లలకు అర్థమయ్యాయి. బసవరాజు అప్పారావు గారి ‘కొల్లాయి గట్టితేనేమి’ రాగానే ఇద్దరు ముగ్గురు పెద్దలు గొంతు కలిపారు. చర్చ మాత్రం పాటల మీద కాక, గుడి ప్రవేశం మీద నడిచింది. మా పట్టణానికి దగ్గరలోని పేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, సినిమాలో బ్రాహ్మణ యువకుడి త్యాగానికి ఇచ్చిన చోటు, ఆ పిల్ల కుటుంబం మోసిన భయానికి ఇవ్వలేదని అన్నది. ఆ మాట తరువాత హాలులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అది సినిమా గొప్పతనాన్ని తగ్గించదని కూడా అనుకుంటున్నాను.

పాత ఆపరేటర్ | జూన్ 15

మళ్లీ మొదటి నుంచి వేసినందుకు సంతోషం. చాలా చోట్ల ‘ఏముందిలే’ అని అక్కడి నుంచే కొనసాగిస్తారు. వచ్చే నెల ఆటకు రెండు గంటల ముందు వెళ్లి, వలయం బొమ్మ ఒకటి తెర మీద వేసి చూడండి. గుండ్రంగా కనిపిస్తే కొలత సరిగా ఉన్నట్టే. ఒక విషయం గమనించారా? ‘మాలపిల్ల’లో సుందరరామశాస్త్రిగా కనిపించిన గోవిందరాజుల సుబ్బారావు గారే వచ్చే నెల లుబ్ధావధాన్లుగా కనిపిస్తారు. నడుమ పదిహేడేళ్లు గడిచాయి. ఈ సంగతి ముందుగా ప్రేక్షకులకు చెప్పండి, ఆయన కోసమే వచ్చేవారు ఉంటారు.

గ్రంథాలయమిత్ర | జులై 13

నిన్న ‘కన్యాశుల్కం’కు కుర్చీలు చాలలేదు. కింది పఠన మందిరం నుంచి బల్లలు మోసుకొచ్చాం. అధ్యాపకురాలు గారు స్వయంగా వచ్చి మధురవాణి, రామప్ప పంతులు మాట్లాడుకునే ఘట్టం చదివారు. ఒక్కరే ఇద్దరి గొంతులూ పలికిస్తుంటే హాలంతా నవ్వింది. గంటన్నర గడిచాక కరెంటు పోయి ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చినా ఒక్కరు కూడా ఇంటికి పోలేదు.

ఒక సందేహం. మాకు దొరికిన ప్రతిలో అప్పుడప్పుడు తెర పైభాగాన కుడి మూలన ఒక చిన్న చుక్క వచ్చి మాయమవుతున్నది. కాసేపటికి మళ్లీ వస్తున్నది. పిల్లలు అది ప్రతి పాడైపోయిన గుర్తు అనుకున్నారు. నాకూ సమాధానం తెలియలేదు.

పాత ఆపరేటర్ | జులై 13

అది పాడైన గుర్తు కాదు, మా కోసం పెట్టిన గుర్తు. ఆ చుక్క గురించి ఇన్నేళ్లకు ఒకరు అడిగినందుకు మనసు నిండిపోయింది.

ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలకు అయిపోతుంది. అందుకని క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకటి నడుస్తుంటే రెండో దానిలో తరువాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచేవాళ్లం. రీలు చివరికి వస్తున్నదనగా కుడి మూలన మొదటి చుక్క కనిపిస్తుంది. అప్పుడు రెండో మిషను మోటారు వేయాలి. దాదాపు ఏడు సెకన్లకు రెండో చుక్క వస్తుంది. ఆ క్షణాన మొదటి దాని వెలుతురు మూసి, రెండో దాని వెలుతురు తెరవాలి. సరిగా చేస్తే కింద కూర్చున్నవారికి రీలు మారినట్టే తెలియదు. ఒక్క క్షణం తడబడితే తెర తెల్లబోయి, నేల నుంచి ఈలలు మొదలయ్యేవి. మీకు దొరికిన ప్రతిని హాళ్లలో ఆడిన ప్రింటు నుంచి డిజిటల్‌లోకి ఎక్కించారని ఆ చుక్కలే చెబుతున్నాయి. ఆ చుక్క కోసం రెండు కళ్లూ కాయలు కాచేలా చూసినవాడు ప్రతి ఊరిలోనూ ఒకడు ఉండేవాడు. పిల్లలకు ఈ మాట చెప్పండి.

అధ్యాపకురాలు | జులై 14

పాత ఆపరేటర్ గారి వివరణ మా విద్యార్థులకు చదివి వినిపించాను.

నా పట్టుదల మొన్నటితో కొంత సడలిందని ఒప్పుకుంటున్నాను. నాటకంలో లేని ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ను సినిమాలో పెట్టారు. అది గురజాడ వేరుగా రాసిన గేయం. చదువుకునే రోజుల నుంచి దీనిని నేను అనవసరమైన అతుకుగానే భావించాను. మొన్న ఆ పాట నడుస్తున్నప్పుడు నా పక్కన కూర్చున్న, చదువు రాని ఒక పెద్దావిడ కొంగు కళ్లకు అద్దుకుంటూ, తన మేనత్త కథ చెప్పింది. నాటకంలో కన్యాశుల్కం బలి తీసుకున్న పిల్ల మనకు నేరుగా కనిపించదు. లుబ్ధావధాన్లుకు ఇవ్వబోయిన సుబ్బి పెళ్లి తప్పిపోతుంది. ఆ స్థానంలో కూర్చున్నది ఆడపిల్ల వేషం వేసుకున్న కుర్రవాడు. అందుకే నవ్వగలుగుతాం. తప్పించుకోలేని పిల్ల ఒకతె కూడా ఉన్నదని గుర్తుచేయడానికే ఆ గేయాన్ని తెచ్చారని నాకు ఇప్పుడు తోస్తున్నది. పుస్తకం పక్కన పెట్టుకుని తేడాలు లెక్కపెట్టినన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు.

గ్రంథాలయమిత్ర | ఆగస్టు 10

‘డాక్టర్ చక్రవర్తి’కి ఎక్కువగా యాభై దాటిన మహిళలు వచ్చారు. శ్రీశ్రీ రాసిన ‘మనసున మనసై’ అందరూ కలిసి పాడారు. మొదటి నంది బహుమతి పొందిన సినిమా ఇదేనని చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు. నిరుడు సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దేశంలోని అనేక నగరాలలో ప్రదర్శించిన పది సినిమాలలో ఇదీ ఒకటి. కోడూరి కౌసల్యాదేవి నవలలు మూడు కింది బల్ల మీద పెడితే రాత్రికి ఒక్కటీ మిగలలేదు. సినిమా గురించి మాత్రం చర్చ పెద్దగా సాగలేదు. స్నేహం, అపార్థం, కన్నీరు అన్న దారి అందరికీ ముందే తెలిసినది కావడం వలన అడగవలసిన ప్రశ్న లేకపోయిందని అనుకుంటున్నాను.

గ్రంథాలయమిత్ర | సెప్టెంబరు 14

‘ఒక ఊరి కథ’ అనుమతి చివరి వారంలో అందింది. కిన్నెరసాని గారు నాలుగు గంటల బస్సు ప్రయాణం చేసి వచ్చారు. నిన్న జరిగినది ఆవిడే రాస్తే బాగుంటుందని అడిగాను.

కిన్నెరసాని | సెప్టెంబరు 14

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా ‘కఫన్’ కథలోని మొదటి భాగాన్ని ఒక యువకుడు హిందీ మూలం నుంచి తానే తెలుగు చేసుకుని చదివాడు. గుడిసె లోపల కోడలు పురిటి నొప్పులతో అరుస్తుంటే, బయట తండ్రీ కొడుకులు నిప్పుల్లో కాల్చిన బంగాళాదుంపలు తింటూ, ఒకడు లోపలికి వెళితే రెండోవాడు ఎక్కువ తినేస్తాడేమోనని కదలకుండా కూర్చుంటారు. వినేవారిలో కొందరు నవ్వారు. ప్రేమ్‌చంద్ ఆ నవ్వు వస్తుందని తెలిసే రాశారు.

ఆ తరువాత సినిమా మొదలైంది. కథలో కోడలు బుధియా మొదటి వాక్యాల నుంచే చావుకు దగ్గరగా ఉంటుంది. ఆమె మూలుగు వింటామే గాని, ఆమె మాట వినం. మృణాల్ సేన్ కథను వెనక్కి తీసుకెళ్లారు. ఆమె నీలమ్మగా ఆ ఇంటికి రావడం, ఆ గుడిసెను ఇల్లుగా చేయాలని చూడటం, పనికి వెళ్లడం, మామతో తగవు పడటం మనకు చూపించారు. మమతా శంకర్ ఆ పాత్రలో నిలబడిన తీరు చూస్తుంటే, మొదట నవ్విన వరుసలలో ఒక్కొక్కరూ మౌనంగా మారిపోయారు. వాసుదేవరావు వేసిన వెంకయ్య, పని చేస్తే లాభం ఎవరికి పోతుందో తెలిసినవాడు కనుకనే పని మానేసినవాడు. అతని తర్కం తప్పని చెప్పలేకపోయాం. ఆ తర్కానికి బలి అయినది మాత్రం అతను కాదు, నీలమ్మ. ఈ ఒక్క సంగతి మీద రాత్రి తొమ్మిదిన్నర దాకా మాట్లాడుకున్నాం. కాపలాదారు తాళం చేతిలో పట్టుకుని తానూ కూర్చుని విన్నాడు.

ముందు చదవడమా, తరువాత చదవడమా అన్న వాదానికి నా వంతు మాట ఇది. నిన్న కథ ముందు వినకపోతే, నీలమ్మకు దర్శకుడు ఇచ్చిన ఆ నెలల జీవితం ఎంత పెద్ద చేర్పో మాకు తెలిసేది కాదు. ‘గ్రహణం’కు మాత్రం అలా చేయకండి. ఒక ఇల్లాలి మీద పడిన అనుమానం నిజమా కాదా అన్న సందేహం మీదే ఆ కథ నడుస్తుంది. ముందే చదివితే ఆ ఊరివారితో పాటు మనమూ అనుమానించే అవకాశం పోతుంది. ఏ సినిమాకు ఏది తగునో ఆ సినిమానే అడగాలి.

అధ్యాపకురాలు | సెప్టెంబరు 15

‘గ్రహణం’ విషయంలో ఆవిడ చెప్పినది సరైనది. నవంబరులో సినిమా అయ్యాకే ‘దోషగుణం’ చదువుదాం. నేను చదువుతాను.

పాత ఆపరేటర్ | సెప్టెంబరు 15

మొన్న నా మనవరాలితో వచ్చి వెనక గోడ దగ్గర కూర్చున్నాను. బొమ్మ చట్రం సరిగా ఉంది, నలుపు చక్కగా పడింది. ఎడమ స్పీకరు మాత్రం మాటల దగ్గర పగులుతున్నది. ‘మా భూమి’లో పాటలకు ప్రాణం గొంతులోనే ఉంది. గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ పగిలిన స్పీకరులో వినిపిస్తే ఆ పాటకు అన్యాయం చేసినట్టే. అక్టోబరు మొదటి వారంలో వచ్చి నేనే విప్పి చూస్తాను.

గ్రంథాలయమిత్ర | సెప్టెంబరు 16

తప్పక రండి, తాళం నా దగ్గరే ఉంటుంది. ‘మా భూమి’ అక్టోబరు 11న. పఠనానికి బదులు, కిన్నెరసాని గారు వెట్టి గురించి, గడీ గురించి పది నిమిషాలు చెప్పి, సుద్దాల హనుమంతు గారి ‘పల్లెటూరి పిల్లగాడా’ నేపథ్యం వివరించడానికి ఒప్పుకున్నారు. కిషన్ చందర్ నవల తెలుగు అనువాదం పాత ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ నెల రోజులు మా బల్ల మీద ఉంచడానికి పంపగలరు. జాగ్రత్తగా అట్ట వేసి, నవంబరులో తిరిగి అందజేస్తాం.